చిన్న ఫ్లాట్‌లో ఐసొలేషన్: విడి గదులు లేకపోయినా ఇంట్లో అందరూ బాగుండటం ఎలా

2021 మేలో నాకు కోవిడ్ వచ్చినప్పుడు మేం కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో, మూడో అంతస్తులో, సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నలుగురం: నేను, మా ఆయన, షుగర్ ఉన్న మా అత్తయ్య, తొమ్మిదేళ్ళ మా బాబు. గాలి బాగా వచ్చే విడి గదిలో ఉండండి, బాత్రూమ్ వేరేది వాడండి అని డాక్టర్ గారు ఫోన్‌లో చెప్పారు. మాకున్నదే ఒక గది, ఒక బాత్రూమ్. మా అత్తయ్యకి అంటితే ఏం చేయాలన్న భయంతో ఆ రాత్రంతా నిద్రపోలేదు.

ఆ పది రోజుల్లో మేం కిందా మీదా పడి నేర్చుకున్నవి, తర్వాత ఇంట్లో ఫ్లూ వచ్చినప్పుడూ, బాబుకి ఆటలమ్మ పోసినప్పుడూ మళ్ళీ వాడుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. చిన్న ఇంట్లో కొత్త గోడలు కట్టలేం. గాలి ఎటు పోతోందో చూసుకోవడం, ఒకే చోటుని వేర్వేరు టైముల్లో వాడుకోవడం, ఈ రెండూ మాత్రం మన చేతిలో ఉంటాయి. మిగతావన్నీ వీటి తర్వాతే.

ముందు ఎవరు ఎక్కడ పడుకోవాలో తేల్చుకోండి

జ్వరం మొదలైన రోజే ఈ పని చేయండి, రిపోర్టు వచ్చేదాకా ఆగకండి. పేషెంట్‌కి కిటికీ ఉన్న గది ఇచ్చేయండి, అది ఇంట్లో అన్నిటికంటే మంచి గది అయినా సరే. మిగతావాళ్ళంతా హాల్లోకి. హాల్లో కూడా పెద్దవాళ్ళకీ, షుగర్, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళకీ, గర్భిణులకీ బాల్కనీ తలుపు పక్కన చోటివ్వండి, బెడ్‌రూమ్ గుమ్మానికి ఎంత దూరమైతే అంత మంచిది. గదిలోంచి బట్టలు, బాబు స్కూల్ బ్యాగు, ఆఫీసు ల్యాప్‌టాప్, పెద్దవాళ్ళ మందుల డబ్బా, చార్జర్లు అన్నీ ముందే బయటికి తెచ్చేసుకోండి. మేం ఇది మర్చిపోయి, మా అత్తయ్య షుగర్ మాత్రల కోసం రెండో రోజు బీరువా అంతా వెతకాల్సి వచ్చింది, అదీ నా గదిలో.

ఇంట్లో ఉన్నదే ఒక్క గది అయితే మధ్యలో చీర కట్టినంత మాత్రాన గాలి ఆగదు, అది చాటు మాత్రమే. పేషెంట్ మంచం కిటికీ పక్కకి జరపండి, మిగతావాళ్ళ తలలు వీలైనంత దూరంగా ఉండేలా పక్కలు వేయండి, కిటికీ తెరిచే ఉంచండి, అందరూ మాస్క్ పెట్టుకోండి. పగలు వీలైనంతసేపు బాగున్నవాళ్ళు డాబా మీదో, మెట్ల దగ్గరో గడపడం మంచిది. పెద్దవాళ్ళని వేరే ఊరు పంపేద్దాం అనిపిస్తుంది కానీ వాళ్ళకి ఇప్పటికే అంటి ఉండొచ్చు, అక్కడ ఇంకో ఇంటికి మోసుకెళ్ళినట్టవుతుంది. కాబట్టి పంపితే అక్కడ కూడా వాళ్ళని కొన్నాళ్ళు విడిగా ఉంచగలిగే ఇంటికే పంపండి.

గాలి ఎటు పోతోందో అగరుబత్తితో చూడండి

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన పని. దీని మీద ఒక గంట కూర్చుంటే మిగతా పది రోజులు టెన్షన్ సగం తగ్గుతుంది. కోవిడ్, ఫ్లూ, ఆటలమ్మ, ఇవన్నీ గాలి ద్వారా కూడా పాకుతాయి. పేషెంట్ వదిలిన గాలి గదిలో ఊరికే నిలబడిపోతే అది తలుపు సందులోంచి హాల్లోకి వస్తుంది. అది హాల్లోకి కాకుండా కిటికీలోంచి బయటికే పోయేలా చేయాలి.

ఎలా చూడాలంటే, ఒక అగరుబత్తి వెలిగించి, బాగున్న మనిషి మాస్క్ పెట్టుకుని హాల్లో నిలబడి, మూసిన బెడ్‌రూమ్ తలుపు కింది సందు దగ్గర దాన్ని పట్టుకోవాలి. పొగ సందులోంచి గదిలోకి లాగినట్టు పోతోందా, మంచిది. పొగ మన కాళ్ళ వైపుకి తోసినట్టు వస్తోందా, అయితే గదిలో గాలి మనమీదికి వస్తోందన్నమాట. మా ఇంట్లో మొదటిరోజు పొగ మొత్తం మా ఆయన వైపే వచ్చింది. కారణం వెతికితే రెండు తేలాయి. ఒకటి వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంది, అది ఇంట్లో గాలినంతా తన వైపు లాగుతోంది, అంటే నా గదిలో గాలి వంటింటి మీదుగా పోతోంది. రెండోది కూలర్. మే ఎండలకి తట్టుకోలేక కూలర్‌ని నా గది కిటికీకే పెట్టాం, అది బయటి గాలిని గదిలోకి తోస్తుంది, తోసిన గాలి ఎక్కడికో అక్కడికి పోవాలి కదా, తలుపు సందే దొరికింది.

సరిచేయడం పెద్ద కష్టమేం కాదు. గది కిటికీలో టేబుల్ ఫ్యాన్‌ని బయటికి చూసేలా పెట్టండి, అంటే దాని గాలి మన ఒంటికి తగలకూడదు, వీధిలోకి పోవాలి. ఫ్యాన్ పక్కన మిగిలిన కిటికీ ఖాళీని అట్టముక్కతో కప్పితే ఇంకా బాగా లాగుతుంది. హాల్లో కిటికీలు, బాల్కనీ తలుపు తెరిచి ఉంచండి, లేకపోతే లోపలికి రావడానికి గాలే ఉండదు. కూలర్ ఉంటే దాన్ని హాల్ కిటికీకి మార్చండి. అప్పుడు చల్లగాలి హాల్లోంచి తలుపు సందు ద్వారా గదిలోకి వెళ్ళి, కిటికీలోంచి బయటికి పోతుంది, పేషెంట్‌కీ కొంచెం చల్లదనం అందుతుంది. బెడ్‌రూమ్‌కి అటాచ్డ్ బాత్రూమ్ ఉంటే, అందులో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి బాత్రూమ్ తలుపు తీసి ఉంచినా ఇదే పని జరుగుతుంది. వంటింటి ఎగ్జాస్ట్‌గానీ చిమ్నీగానీ వంట చేసేటప్పుడు మాత్రమే వేసి, వంటింటి కిటికీ తెరిచి, వంట కాగానే ఆపేయండి. అన్నీ మార్చాక మళ్ళీ అగరుబత్తితో చూడండి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చూడాలి, ఎందుకంటే బయట గాలి దిశ మారితే లోపల కూడా మారుతుంది.

స్ప్లిట్ ఏసీ గురించి చాలామంది పొరపడతారు. అది ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తీసుకురాదు. ఎండకి తట్టుకోలేక వేసుకున్నా కిటికీ ఒక బెత్తెడు తెరిచి ఉంచి వేసుకోండి, కరెంటు బిల్లు కొంచెం పెరిగితే పెరగనివ్వండి. సాయంత్రం దోమల కోసం కిటికీలు మూసేసే అలవాటు మనకి ఉంది, దానికి మెష్ కొట్టించుకోండి లేదా దోమతెర కట్టుకోండి, కిటికీ మాత్రం మూయకండి.

బాత్రూమ్ ఒక్కటే అయితే వంతులు పెట్టుకోండి

పొద్దున బాగున్నవాళ్ళంతా ముందు కానిచ్చేసుకోవాలి, పెద్దవాళ్ళు మొదట, పేషెంట్ చివర. మాకు ఆరింటి నుంచి ఏడున్నర దాకా హాల్లో వాళ్ళ వంతు, ఆ తర్వాత నాది. పేషెంట్ వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు మాస్క్ ఉండాలి, దారిలో ఎవరూ నిలబడకూడదు. నేను తలుపు మీద రెండుసార్లు కొట్టేదాన్ని, హాల్లో వాళ్ళు బాల్కనీలోకి వెళ్ళిపోయేవాళ్ళు. పని కాగానే కమోడ్ మూత వేసి ఫ్లష్ నీళ్ళు వదలండి, కుళాయి, తలుపు గడియ, ఫ్లష్ బటన్ సబ్బునీళ్ళతో తుడవండి, వెంటిలేటర్ అద్దాలు తెరిచి, ఎగ్జాస్ట్ ఉంటే వేసి, తలుపు మూసి కనీసం అరగంట వదిలేయండి. రాత్రి మధ్యలో ఎవరికైనా అర్జెంటు అయితే మాస్క్ పెట్టుకుని వెళ్ళొచ్చేయడమే, దానికి గాబరా అక్కర్లేదు. బ్రష్షులు, టవళ్ళు, సబ్బు మాత్రం పేషెంట్‌వి గదిలోనే ఉండాలి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో సంగతి ఉంది, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. బాత్రూమ్ నేలలో జాలీ కింద ఉండేది నాని ట్రాప్, అందులో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉండాలి. ఆ నీళ్ళే డ్రైనేజీ పైపులో గాలిని ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. 2003లో కోవిడ్ లాంటిదే సార్స్ అనే జబ్బు వచ్చినప్పుడు హాంకాంగ్‌లో ఆమోయ్ గార్డెన్స్ అనే ఒక్క అపార్ట్‌మెంట్ సముదాయంలోనే 300 మందికి పైగా జబ్బు పడ్డారు. నేల జాలీల కింద ట్రాపులు ఎండిపోవడం, బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆ పైపుల్లో గాలిని ఇళ్ళలోకి లాగడం దానికి పెద్ద కారణమని విచారణలో తేల్చారు. మనం చేయాల్సింది చాలా చిన్న పని. వాడని బాత్రూమ్, బాల్కనీ జాలీ, వాషింగ్ మెషిన్ దగ్గర జాలీ, అన్నిట్లో రోజూ ఒక మగ్గు నీళ్ళు పోయండి. జాలీ దగ్గర డ్రైనేజీ వాసన వస్తోందంటే ట్రాప్ ఎండిందని గుర్తు. పక్క ఫ్లాట్‌లో వేసే పోపు వాసన మీ బాత్రూమ్‌లోకి డక్ట్‌లోంచి వస్తుంటే, మీ గాలి కూడా వాళ్ళకి పోయే దారి ఉందని అర్థం, పేషెంట్ బాత్రూమ్‌లో ఉన్నంతసేపు ఎదురుగా ఉన్న పక్కింటివాళ్ళని వాళ్ళ వెంటిలేటర్ మూసుకోమని చెప్పడంలో తప్పు లేదు.

శుభ్రం పేరుతో బ్లీచింగ్ పౌడర్, టాయిలెట్ యాసిడ్ రెండూ కలిపి పోయకండి. వాటిలోంచి క్లోరిన్ వాయువు వస్తుంది, ఇరుకు బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది, ముందే దగ్గుతున్న మనిషికి మరీ ప్రమాదం. 2020లో మేం పాల ప్యాకెట్లు కూడా సబ్బుతో కడిగాం. ఇప్పుడైతే ఆ ఓపికంతా కిటికీల మీద పెట్టమంటాను. గిన్నెలకి మామూలు విమ్, వేడినీళ్ళు చాలు. బట్టలు దులపకుండా తీసి సర్ఫ్‌లో నానబెట్టి ఎండలో వేస్తే చాలు.

గుమ్మం దగ్గర స్టూలు

గది తలుపు బయట ఒక స్టూలు వేయండి. కంచం, నీళ్ళ బాటిల్, మందులు అన్నీ దాని మీదే మారాలి. పెట్టినవాళ్ళు తలుపు తట్టి వెనక్కి వెళ్ళిపోవాలి, ఓ నిమిషం ఆగి పేషెంట్ మాస్క్‌తో తలుపు తీసి తీసుకోవాలి. గదిలో ఒక ఎలక్ట్రిక్ కెటిల్, రెండు లీటర్ల నీళ్ళు, కంచం, గ్లాసు, చిన్న డస్ట్‌బిన్ ఉంటే తలుపు తీసే అవసరం సగానికి సగం తగ్గుతుంది.

చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి. తప్పనిసరై గదిలోకి వెళ్ళాల్సి వస్తే ఇద్దరికీ మాస్క్ ఉండాలి, వెళ్ళేవాళ్ళకి ఎన్95 అయితే మేలు, ముక్కు దగ్గర తీగ నొక్కి పెట్టుకోవాలి, లోపల కూర్చుని కబుర్లు చెప్పకుండా వచ్చేయాలి. వాడి పారేసే మాస్కులని కత్తిరించి, కాగితం సంచిలో మూడు రోజులు ఉంచి, తర్వాత కట్టి చెత్తలో వేయండి, చెత్తబండి మీద పనిచేసేవాళ్ళు చేతులతో ఏరతారు కదా.

ఇంట్లో వంట చేసే మనిషికే జ్వరం వస్తే

ఇది విడిగా రాయాలనిపించింది. మన ఇళ్ళలో మగవాళ్ళకి జ్వరం వస్తే గది దొరుకుతుంది, స్టూలు మీదికి కాఫీ వస్తుంది. ఇల్లాలికి వస్తే రెండో రోజుకే మాస్క్ పెట్టుకుని స్టవ్ దగ్గర నిలబడుతుంది, అది ఐసొలేషన్ ఎలా అవుతుంది? వంటింట్లో నిలబడి దగ్గే మనిషి వల్ల ఇంటిల్లిపాదికీ అంటుతుంది, పైగా ఒంటికి విశ్రాంతి లేక ఆవిడ కోలుకోవడం కూడా ఆలస్యం అవుతుంది. నేనూ మూడో రోజు లేవబోయాను. మా అత్తయ్య తలుపు అవతల నిలబడి "నువ్వు బయటికొస్తే నేను అన్నం తినను" అంది, ఆ మాట మీద పడుకుండిపోయాను. మా ఆయనకి చారు పెట్టడం తలుపు ఇవతలి నుంచి నేర్పాను. చింతపండు ఎంత అంటే నిమ్మకాయంత, మిరియాలు ఎన్ని అంటే అర చెంచా, అలా. కాబట్టి ముందే మాట్లాడుకోండి: వంట ఎవరు, గిన్నెలు ఎవరు, పిల్లల సంగతి ఎవరు. ఎవరికీ వంట రాకపోతే రోజూ పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, అరటిపండు అయినా ఫర్వాలేదు, పేషెంట్ మాత్రం లేవకూడదు.

ఒక నోట్‌బుక్ పెట్టండి, రోజుకి నాలుగుసార్లు రాయండి

పొద్దున ఏడు, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం ఆరు, రాత్రి పడుకునే ముందు. టైమ్, జ్వరం ఎంత, ఆక్సిజన్ ఎంత, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, మూత్రం ఏ రంగులో ఉంది, ఇంతే. మూత్రం ముదురు పసుపులో ఉంటే నీళ్ళు చాలడం లేదని లెక్క. ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు "నిన్నటి నుంచి కొంచెం ఎక్కువగా ఉందండీ" అనడం కంటే ఈ అంకెలు చదివితే ఆయనకీ పని తేలిక.

ఆక్సీమీటర్ వాడేముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి, చెయ్యి చల్లగా ఉంటే రుద్దుకోండి, గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలు చూసుకోండి, అంకె నిలకడగా ఉండేదాకా ఆగండి. 94 కంటే తగ్గితే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. 90 దగ్గరికి పడితే ఇక ఫోన్లతో కాలయాపన వద్దు, 108కి చేసి ఆసుపత్రికి బయలుదేరండి. చామనఛాయ, నల్లటి చర్మం ఉన్నవాళ్ళలో ఈ మెషిన్ ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించే అవకాశం ఉంది, అందుకే అంకె బాగున్నా ఆయాసం ఉంటే ఆయాసాన్నే నమ్మండి. మెషిన్ లేకపోతే పొట్ట పైకి లేవడం చూస్తూ నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి, పెద్దవాళ్ళలో 24 దాటితే అది మామూలు కాదు. ఛాతీలో బరువు, మాట తడబడటం, మగత, పెదవులు నీలంగా మారడం, మూడు రోజులు దాటినా 100 డిగ్రీల పైన జ్వరం, వీటిలో ఏది కనిపించినా రాత్రి రెండైనా తెల్లారేదాకా ఆగొద్దు. కోవిడ్‌లో ఐదో రోజు నుంచి పదో రోజు దాకా మరీ జాగ్రత్తగా చూడాలి, జ్వరం తగ్గింది కదా అని నోట్‌బుక్ మూసేయకండి.

పారాసిటమాల్ వేసుకుంటే మోతాదుకీ మోతాదుకీ కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు తేడా ఉండాలి, 650 అయితే రోజుకి నాలుగు దాటకూడదు, జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వేసుకోవద్దు. స్టెరాయిడ్ మాత్రలు పక్కింటివాళ్ళ చీటీ చూసి వేసుకోకండి. 2021లో బ్లాక్ ఫంగస్ అంతమందిని పట్టుకోవడానికి అదుపు లేని షుగర్, ఇష్టం వచ్చినట్టు వాడిన స్టెరాయిడ్లు పెద్ద కారణాలు. పెద్దవాళ్ళకీ గర్భిణులకీ ఫ్లూ అనుకుంటే మొదటి 48 గంటల్లోనే డాక్టర్‌ని అడగండి, ఫ్లూ మందు ఆ వ్యవధిలో మొదలుపెడితేనే ఎక్కువ పనిచేస్తుంది. వానాకాలంలో అయితే డెంగ్యూ పరీక్ష కూడా చేయించుకోండి. అందులో జ్వరం తగ్గాకే అసలు ప్రమాదం మొదలవుతుంది, ఒళ్ళు నొప్పులకి బ్రూఫెన్ లాంటివి వేసుకోకూడదు.

తిండి, నీళ్ళు

లంఖణం పరమౌషధం అన్న మాట పట్టుకుని జ్వరం వచ్చిన మనిషిని ఎండగట్టకండి. ఆకలి లేకపోతే ఒకేసారి కంచం నిండా పెట్టకుండా రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం ఇవ్వండి: రాగి జావ, పెసరకట్టు, ఇడ్లీ, మిరియాల చారు, పలచటి మజ్జిగ, ఉడికించిన గుడ్డు. విరేచనాలు ఉంటే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని లీటర్ నీళ్ళలో కలపండి, ప్యాకెట్ లేకపోతే లీటర్ కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకండి. కషాయాలు రోజుకి ఐదారు గ్లాసులు తాగితే కడుపులో మంట తప్ప ఒరిగేదేం లేదు. ఆవిరి పట్టుకుంటే హాయిగా ఉంటుంది నిజమే, కానీ ఇరుకు గదిలో మంచం మీద మరిగే గిన్నె పెట్టుకోవద్దు, అలా ఒలికి కాళ్ళు కాల్చుకున్నవాళ్ళు ఉన్నారు.

నాకు నాలుగో రోజు వాసన పోయింది. వంటింట్లో మా ఆయన ఇంగువ పోపు వేశాడట, బాబు తలుపు దగ్గరికొచ్చి "అమ్మా, మంచి వాసన వస్తోంది కదా" అన్నాడు, నాకేమీ తెలియలేదు. అన్నం నోట్లో పెట్టుకుంటే దూది నమిలినట్టు ఉండేది. అప్పుడు రుచి కోసం చూడకుండా నోటికి తెలిసేవి ఎంచుకోండి, అప్పడం కరకర, నిమ్మకాయ పులుపు, చల్లటి పెరుగు, ఇవి లోపలికి దిగుతాయి. ఒంటరిగా ఉండి వాసన పోయినవాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. గ్యాస్ లీకైనా మీకు తెలియదు. వంట కాగానే సిలిండర్ రెగ్యులేటర్ ఆపేయండి, మిగిలిన కూర బాగుందో లేదో వాసన చూసి తేల్చలేరు కాబట్టి మర్నాటికి ఉంచకండి.

మంచం మీదే పడి ఉండొద్దు

జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు విశ్రాంతే మందు. కొంచెం తగ్గాక గంటకోసారి లేచి గదిలోనే ఎనిమిది అంకె ఆకారంలో ఐదు నిమిషాలు నడవండి, కూర్చున్నచోటే పాదాలు పైకీ కిందికీ ఆడించండి, రక్తం కాళ్ళలో నిలిచిపోకుండా ఉంటుంది. ఆక్సిజన్ తగ్గుతూ, ఆసుపత్రిలో మంచం దొరికేలోపు బోర్లా పడుకోవడం ఉపయోగపడుతుంది. మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటో రెండో, మోకాళ్ళ కింది భాగానికి రెండు. అరగంట నుంచి రెండు గంటల దాకా అలా ఉండి, తర్వాత కుడి పక్కకి, లేచి కూర్చుని, ఎడమ పక్కకి, మళ్ళీ బోర్లా. తిన్నాక గంట దాకా వద్దు. గర్భిణులు, తీవ్రమైన గుండె జబ్బు, వెన్నెముక దెబ్బ ఉన్నవాళ్ళు చేయకూడదు.

రాత్రిళ్ళు, పిల్లలు

పగలు ఎలాగో గడిచిపోతుంది, రాత్రి పదకొండు తర్వాత ప్రతి చిన్న దగ్గూ పెద్దదిగా అనిపిస్తుంది. ఆ టైములో ఫోన్‌లో వార్తలు చూడకండి. సాయంత్రం ఏడుకి ఒక పావుగంట చూసి ఫోన్ పక్కన పడేయండి. రోజూ ఒకే టైముకి ఒక మనిషితో మాట్లాడండి, జబ్బు సంగతులు కాకుండా ఇంకేమైనా. మా అమ్మ ఊళ్ళో నుంచి రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి చేసి ఆ రోజు పెరట్లో ఏం కాసిందో చెప్పేది, నాకు నిద్ర దాని తర్వాతే పట్టేది. గుండె దడ, ఏడుపు, బతకడం దండగ అనే ఆలోచనలు వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, 24 గంటలూ తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు.

పిల్లలకి తలుపు మూసుకుపోవడమే పెద్ద దెబ్బ. మా బాబు మొదటి రెండు రోజులు తలుపుకి ఆనుకుని కూర్చునేవాడు. అప్పుడు వాడికొక ఆట దొరికింది. రెండు అట్టముక్కల మీద అష్టాచెమ్మా గడులు గీశాడు, ఒకటి తలుపు కింద నుంచి నాకు తోశాడు, రెండోది వాడి దగ్గర. నాకు గవ్వలు లేవు, చింతగింజలు ఒకవైపు అరగదీసి స్టూలు మీద పెట్టారు. నేను వేసి "నాలుగు" అని అరిస్తే వాడు తన అట్ట మీద నా కాయ జరిపేవాడు, వాడు "అష్టా" అంటే నేను నమ్మి ఇక్కడ జరిపేదాన్ని. రోజూ సాయంత్రం ఐదింటికి ఆట. ఆ టైము కోసం ఇద్దరం ఎదురుచూసేవాళ్ళం. మీ పిల్లలతో ఇలాంటిది ఏదో ఒకటి పెట్టుకోండి, వీడియో కాల్ కంటే తలుపు అవతలి గొంతు వాళ్ళకి ఎక్కువ ధైర్యం.

ఒంటరిగా ఉన్నవాళ్ళు

అమీర్‌పేటలో రూమ్‌లో ఉన్నా, డాలస్‌లో స్టూడియో ఫ్లాట్‌లో ఉన్నా పద్ధతి ఒకటే. రోజుకి రెండు ఫోన్లు, పొద్దున ఎనిమిదికి, రాత్రి తొమ్మిదికి, ఎవరికి చేయాలో ముందే అనుకోండి. ఒకటి తప్పితే వాళ్ళు మళ్ళీ చేస్తారు, రెండూ తప్పితే మనిషిని పంపిస్తారు, ఈ ఒప్పందం మొదటిరోజే కుదుర్చుకోండి. తాళంచెవి ఒకటి నమ్మకమైన పక్కింటివాళ్ళకి ఇచ్చి ఉంచండి, లోపలి నుంచి గడియ పెట్టకండి, బయటినుంచి చెవితో తీయగలిగే లాక్ మాత్రమే వేయండి. మీరు కళ్ళు తిరిగి పడిపోతే తలుపు బద్దలు కొట్టే టైము ఉండకపోవచ్చు.

ఇరుగుపొరుగుకి దాచొద్దు

ఆటలమ్మ పోసిన ఇంటి గుమ్మానికి మన పెద్దవాళ్ళు వేపమండ కట్టేవాళ్ళు. ఎవరూ అడగక్కర్లేకుండానే ఊరికి సంగతి తెలిసేది, ఎవరూ లోపలికి వచ్చేవాళ్ళు కాదు, గుమ్మం బయట సాయం చేసేవాళ్ళు. ఇప్పుడు ఆ పని ఫోన్‌లో ఒక మెసేజ్ చేస్తుంది. వాచ్‌మన్‌కి, పక్కింటివాళ్ళకి, పనమ్మాయికి చెప్పండి, పనమ్మాయికి ఆ రోజుల జీతం కోయకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరిద్దరు మమ్మల్ని లిఫ్ట్ వాడొద్దన్నారు, బాధేసింది. కానీ మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టి పొద్దున ఆరు నుంచి పది దాకే దుకాణాలు తీసినప్పుడు, ఎదురు ఫ్లాట్ ఆవిడ రోజూ మా డోర్ హ్యాండిల్‌కి పాలు, కూరగాయల సంచి తగిలించి వెళ్ళేది. చెప్పకపోతే ఆ సాయమూ అందేది కాదు.

ఎప్పుడు బయటికి రావాలి

కోవిడ్‌కి మన దేశంలో 2022 జనవరిలో చెప్పిన లెక్క, పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం ఏడు రోజులు, అందులో చివరి మూడు రోజులు వరసగా జ్వరం లేకుండా ఉండాలి. ఫ్లూ అయితే మాత్ర వేసుకోకుండానే 24 గంటలు జ్వరం లేకుండా గడవాలి, తర్వాత కూడా ఇంకొన్ని రోజులు మాస్క్ ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళకి మంచిది. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ మాడి పెచ్చు కట్టేదాకా, ఒక్కటి పచ్చిగా ఉన్నా ఆగాలి.

బయటికొచ్చిన రోజే ఇల్లంతా కడగడానికి దిగకండి. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందేమో చూసుకుంటూ వారం పది రోజులు నెమ్మదిగా పనులు పెంచుకోండి. గదిలో పక్కబట్టలు ఉతికి, పరుపు, దిండ్లు ఎండలో వేసి, కిటికీలు రోజంతా తెరిచి ఉంచితే చాలు. ఆక్సీమీటర్‌లో బ్యాటరీలు తీసి విడిగా దాచండి, లోపలే వదిలేస్తే కారి మెషిన్ పాడవుతుంది. థర్మామీటర్, మిగిలిన మాస్కులు, ఆ నోట్‌బుక్ అన్నీ ఒక డబ్బాలో వేసి, అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. మా డబ్బా ఇప్పటికి మా అపార్ట్‌మెంట్‌లోనే మూడు ఇళ్ళు తిరిగొచ్చింది.